మావయ్య బిగించిన గ్రిప్పులు

ఇరాన్‌లోని తబ్రీజులో, చలికాలంలో మోటారుసైకిలు మీద బతికేవాడికి వేళ్లే ఆస్తి. ఇంటింటికీ పార్సెళ్లు మోసే అయాజ్‌కు పోయినేడు వేళ్లు ఎంతగా కొంకర్లు పోయాయంటే, బ్రేకు పట్టుకున్నాడో లేదో వాడికే తెలిసేది కాదు. అందుకే ఈసారి బజార్లో వేడెక్కే గ్రిప్పులు కొనుక్కుని మావయ్య ఖుర్బాన్ షెడ్డుకు వెళ్లాడు.

ముసలాయన పాత గ్రిప్పులు కోసి పారేసి, కొత్తవాటికి జిగురు పూసి తొడిగాడు. బండి మీద ఒక్క వైరు వేలాడినా ఆయనకు ఒళ్లు మంట. గ్రిప్పులు వేడెక్కించే వైర్లన్నింటినీ ప్లాస్టిక్ ట్యాగులతో హ్యాండిల్‌కు బిగించి కట్టి, గుడ్డతో తుడిచాడు.

“చూసుకో అల్లుడూ, పెళ్లికూతుర్ని చేశాను!”

అయాజ్ యాక్సిలరేటర్ తిప్పి వదిలాడు. కుడి గ్రిప్పు వెంటనే వెనక్కి రాలేదు. కాసేపు ఆలోచించుకున్నట్టు ఆగి, బద్ధకంగా వచ్చింది. వైరు మరీ బిగుతైపోయిందని వాడికి అర్థమైంది. కానీ ఎలా చెప్పడం? బెంచీ మీద టీ తాగుతున్నవాళ్లంతా ఇటే చూస్తున్నారు. పెద్దవాడు చేసిన పనిని ఆయన ఎదుటే మళ్లీ తిప్పి చూడటమంటే ఆ ఊళ్లో చెంప మీద కొట్టినట్టే. అందులోనూ పిల్లనిచ్చిన మావయ్య!

“మీ చేతులకు నొప్పి రాకూడదు మావయ్యా, బ్రహ్మాండంగా ఉంది” అని అక్కడివాళ్ల పద్ధతిలో మెచ్చుకున్నాడు. ఏం మర్యాదో, నా తలకాయ మర్యాద!

వాడు బయల్దేరుతుంటే బావమరిది ఎల్షన్ తన బండిని లోపలికి తోస్తున్నాడు. అతనికీ అవే గ్రిప్పులు బిగించాలి. పని కాగానే కొండ కనుమ దాటి అహర్ ఊరికి వెళ్లాలి.

కొండవైపు నుంచి దిగే రోడ్డులో అయాజ్ ఒక వ్యానును దాటడానికి రైజ్ ఇచ్చాడు. దాటాక చెయ్యి వదులు చేశాడు. గ్రిప్పు కదల్లేదు. బండి ఉరుకుతోంది. కింద కూడలిలో రొట్టెలు పట్టుకుని ఆడవాళ్లు రోడ్డు దాటుతున్నారు. బ్రేకు నొక్కితే మంచు బురదలో చక్రం జారింది. పై ప్రాణాలు పైనే పోయాయి. భార్య సోల్మజ్ మొహం కళ్లముందు మెదిలింది; పెళ్లయి ఏడాదైనా కాలేదు. బొటనవేలు తడుముకుంటూ ఎర్ర స్విచ్ నొక్కింది. ఇంజను ఆగింది. బండి వెళ్లి రోడ్డు పక్కన పోగేసిన మంచులో పడింది.

మోకాలు చిట్లింది. వేళ్లు మాత్రం హాయిగా, వెచ్చగా ఉన్నాయి.

అప్పుడు ఎల్షన్ గుర్తొచ్చాడు; అతని బండికీ మావయ్యే గ్రిప్పులు బిగిస్తున్నాడు. ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. తాళంచెవితో ట్యాగు తెంపేసి, బండి వెనక్కి తిప్పాడు.

షెడ్డు ముందు ఎల్షన్ హెల్మెట్ పెట్టుకుని, ఇంజను స్టార్ట్ చేసి ఉన్నాడు.

“ఇవాళ వద్దురా, పైన మంచు పడుతోందట” అన్నాడు అయాజ్, అసలు సంగతి దాచి.

“ఏంటి బావా, చేతులు వెచ్చబడితే గుండె చల్లబడిందా?” బెంచీ మీదివాళ్లు గొల్లుమన్నారు.

“టీ తాగి వెళ్లు.”

“అహర్‌లో తాగుతాలే. తప్పుకో!”

ఖుర్బాన్ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. ఎల్షన్ గేరు వేశాడు. అయాజ్ అడ్డంపడి తాళంచెవి లాగేశాడు.

“మావయ్యా! మీరు చేసిన పని తప్పు. వైరు పట్టేసి రైజ్ వెనక్కి రావట్లేదు. ఇందాక నేను చచ్చిపోయేవాణ్ణి!”

ముసలాయన ముందుకొచ్చాడు. కొడుకు బండి గ్రిప్పు పూర్తిగా తిప్పి, వదిలాడు. అది అలాగే నిలబడిపోయింది. ఆయన మొహంలో రక్తం లేదు. గ్రిప్పునే చూస్తూ అడిగాడు.

“వెళ్లేటప్పుడు నీకు తెలిసిందా?”

“తెలిసింది.”

“మరి చెప్పవేం?”

“నలుగురిలో... మీ మర్యాద పోతుందని.”

“నా కూతుర్ని విధవని చేసే మర్యాద నాకెందుకురా, వెధవా!” ముసలాయన జేబులోంచి కటింగ్ ప్లేయర్ తీసి వాడి చేతిలో పెట్టాడు. “తెంపు. నువ్వే కట్టు. కట్టాక నా కళ్లముందే తిప్పి చూడు.”

అయాజ్ ట్యాగు తెంపి, వైరు వదులు చేసి కట్టాడు. గ్రిప్పు తిప్పి వదిలాడు. టక్కున వెనక్కి వచ్చింది.

“ఇంకోసారి” అన్నాడు ఖుర్బాన్, అందరూ వినేట్టు.