మొగుణ్ణి తినే పురుగు

పెట్టె అడుగున నాలుగు రెక్కలు విడివిడిగా పడి ఉన్నాయి, నాలుగూ మగ గొల్లభామవే. పైన జాలీకి తలకిందులుగా వేలాడుతూ ఆడది తీరిగ్గా ముందుకాళ్ళు శుభ్రం చేసుకుంటోంది. ఊరి నుంచి అప్పుడే వచ్చిన ఆమె భుజం మీది సంచి దించకుండానే పెట్టెను కిటికీ దగ్గరికి లాక్కుంది. రెక్కల పక్కన ఒక కాలు, కాస్త మీసం. అంతకు మించి ఏమీ మిగల్లేదు. పై అరలో మగదాని పెట్టె ఖాళీగా ఉంది, మూత మాత్రం జాగ్రత్తగా మళ్ళీ బిగించి ఉంది. అంటే అది తప్పించుకుని వచ్చింది కాదు. ఎవరో చేత్తో తీసి ఇందులో వేశారు.

ఇంట్లో ఉన్నది ఇద్దరే. భర్త, అత్తగారు. ఆమె అనుమానం తిన్నగా అత్తగారి మీదికే వెళ్ళింది.

వెళ్ళదా మరి? బాల్కనీలో పూలకుండీ కొమ్మకి అంటుకున్న గుడ్ల గూడు, గట్టిపడిన నురగ ముద్దలాంటిది, ఆమె మొదటిసారి ఇంట్లోకి తెచ్చిన రోజు నుంచీ అత్తగారిది ఒకటే పోరు. చీపురుకీ సబ్బుపొడికీ మధ్య, బట్టలుతికే మూల ఉన్న ఆ రెండు అరలే ఆమెకి ఈ ఇంట్లో దక్కిన చోటు. పొద్దున్నే వంట, ఆయన చొక్కా ఇస్త్రీ, అత్తగారి మాత్రలు, తన బీమా ఆఫీసు కేరేజీ అన్నీ అయ్యాక బస్సుకి పరిగెత్తేలోపు కాసేపు అక్కడ నిలబడేది. జాలీ మీద నీళ్ళు చిలకరించేది. లోపలున్న పురుగు తల తిప్పి చూసేది. ఆ ఇంట్లో ఏమీ అడక్కుండా తన ముఖంలోకి చూసే ప్రాణి అదొక్కటే. అలా ఆ గుడ్ల నుంచి పిల్లల్ని పెంచి, పిల్లల పిల్లల్ని పెంచి, చివరికి పురుగుల మ్యూజియం పెద్దావిడ కంట్లో పడింది. ఈసారి వచ్చే గుడ్లు మాకు తెచ్చివ్వండి, పిల్లలు బతికితే మా పెంపకం గది మీకే అప్పగిస్తానందావిడ. పెంపకం గది. తాళం ఉన్న గది, తన చేతిలో ఉండే తాళం. మగవి ముందే పెద్దవై ముందే పోతాయి. ఈసారికి ఈ ఒక్క మగదే మిగిలింది. ఆఫీసు వాళ్ళు శిక్షణకని మూడ్రోజులు పొరుగూరు పంపకపోతే ఈపాటికి జత కట్టించేసేది.

వంటింట్లోకి వెళితే సింకు నిండా గ్లాసులు, ప్లేట్లు. గిన్నెలు అడుగంటా ఖాళీ. పొద్దుటి నుంచి ప్రయాణంలో ఉన్న ఆమె కడుపులో ఏమీ లేదు. తను వచ్చే రోజని ఇద్దరికీ తెలుసు.

"నిన్న వాడి ఆఫీసు వాళ్ళొచ్చారు," అన్నారు అత్తగారు గుమ్మంలో నిలబడి. "టీలు పెట్టలేక చచ్చాను. అందరూ ఆ మూలకి చేరి ఒకటే నవ్వులు. ఫోన్లలో వీడియోలు."

 ఆ నవ్వు ఆమెకి తెలుసు. పెళ్ళిళ్ళలో, పుట్టినరోజుల్లో, చివరికి ఆమె ఆఫీసు విందులో కూడా ఆయన చెప్పే జోకు ఒక్కటే. మా ఆవిడ పెంచేది మొగుళ్ళని తినే పురుగుల్నండీ, నేను ఒక కన్ను తెరుచుకుని పడుకుంటున్నాను. అందరూ ఆమె వైపు చూసి నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది, నవ్వకపోతే మొగుడి సరదా తెలియని మనిషవుతుంది కాబట్టి. మర్నాడు మేనేజరు, ఇంట్లో ప్రాక్టీసు బాగా జరుగుతోందా మేడమ్ అనేవాడు. ఒకసారి భర్తకి నెమ్మదిగా చెప్పి చూసింది. కడుపు నిండిన ఆడది మగదాని జోలికి దాదాపుగా పోదండీ, ముందు బాగా మేపి, అది తిండిలో ఉండగా మగదాన్ని వెనకనుంచి దించాలి, నా చేతిలో ఇంతవరకూ ఒక్కటి కూడా పోలేదు అని. ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండా, బంగారం లాంటి జోకుని చెడగొట్టకు అన్నాడు.

ఆమె మేత డబ్బా దగ్గరికి వెళ్ళింది. వెళ్ళేముందు కీచురాళ్ళని రోజుకొక కప్పు చొప్పున సర్ది, మూతలకి టేపు అంటించి, వేళకి వేయమని ఆయనకి చూపించి మరీ వెళ్ళింది. ఒక్క టేపు కూడా ఊడలేదు. లోపల కీచురాళ్ళు క్యారెట్ ముక్కలు కొరుక్కుంటూ దర్జాగా ఉన్నాయి. మరిచిపోయి ఉంటాడు, అనుకుంది. మరిచిపోవడం ఆయనకున్న పెద్ద సౌకర్యం. తల్లి మాత్రలు, గ్యాసు, పెళ్ళాం ఊరి నుంచి వచ్చే రోజు, అన్నీ మరిచిపోవచ్చు.

"మీరైనా ఓ కప్పు వేయాల్సింది అత్తయ్యా."

అత్తగారి ముఖం చిన్నబోయింది. "నాకు దాన్ని చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది, కాదనను. అయినా మొన్న అది అద్దానికి కాళ్ళు ఆనించి నన్నే చూస్తుంటే ఉండబట్టలేక డబ్బా తీశానమ్మాయ్. వాడే వద్దన్నాడు. చేతిలోంచి లాక్కుని పైన పెట్టాడు."

ఆమె ఒక కప్పు టేపు ఊడదీసి ఆడదాని పెట్టెలోకి వంచింది. తర్వాత పొయ్యి వెలిగించి రెండు పళ్ళేలకి సరిపడా వండింది. ఒకటి అత్తగారికిచ్చింది. పెళ్ళయ్యాక మొదటిసారి, ఆయన రాకుండానే రెండోదాని ముందు తను కూర్చుంది. సింకులో గ్లాసులు అలాగే ఉన్నాయి.

ఆయన వచ్చేసరికి ఆమె ఇంకా తింటోంది. లేవలేదు. వీధి తలుపు పక్కన విప్పని సంచి, దాని మీద ఆడదాని పెట్టె ఉన్నాయి. ఆయన వాటిని చూశాడు, ఖాళీ పొయ్యిని చూశాడు, ఓహో, శవపంచాయితీ అయిపోయిందన్నమాట అని నవ్వబోయాడు. తల్లి నవ్వలేదు. ఇంకోటి కొనుక్కోవచ్చులే, పురుగులకి కరువా అన్నాడు. ఆమె ముద్ద మింగి, ఒక్కటే అడిగింది.

"అత్తయ్య చేతిలోంచి మేత డబ్బా ఎందుకు లాక్కున్నారు?"

ఆయన కాసేపు చొక్కా గుండీలతో ఆడుకున్నాడు. తల్లి వైపు చూశాడు. ఆవిడ పళ్ళెంలోకి తల దించుకుంది.

"నువ్వు వెళ్ళిన పూట నుంచీ దానికేమీ వేయలేదు," అన్నాడు. "కడుపు నిండితే తినదని నువ్వే చెప్పావుగా. అంతమందిని పిలిచి కూర్చోబెట్టాక, అది మగదాని పక్కన ఊరికే నిలబడితే నా మాటేంకాను?"