ధనియాల పొట్లం

సన్మానం సాయంత్రం ఐదింటికి. నాలుగు దాటినా మాణిక్యమ్మ బియ్యంలో రాళ్లేరుతూనే ఉంది. "గంత పెద్ద రచయిత్రివి, జల్ది తయారు కారాదూ," అన్నాడు భర్త వైకుంఠం. అన్నాడే కానీ చేట అందుకోలేదు.

పురానాపూల్ దగ్గరి గ్రంథాలయం కిక్కిరిసిపోయింది. అధ్యక్షుడు ఆమె నాలుగు నవలల పేర్లూ చదివి, "కష్టాలే ఈ తల్లిని రచయిత్రిని చేసినయి," అన్నాడు. చప్పట్లు మోగాయి.

తర్వాత వైకుంఠం లేచాడు. "మొదటి నవల మూడేండ్లు రాసింది. మా అమ్మకు అక్షరం రాదు. చిత్తు కాయితాలనుకొని మా కిరాణా దుకాణానికి పంపింది. పొట్లాలు కట్టేసినం. బస్తీ అంతా మా ఆమె నవలను చారుల ఏసుకొని తాగింది!" సభంతా పగలబడి నవ్వింది. "ఆ దెబ్బతోనే గట్టిపడ్డది," అని ముగించి ఆయన దర్జాగా కూర్చున్నాడు.

మాణిక్యమ్మకు ఒళ్లు మండిపోయింది. గట్టిపడిందట! ఇల్లంతా కునుకు తీసే మధ్యాహ్నాల్లో, అంట్లు తోమిన చేతులు ఆరకముందే రాసుకున్న మూడేళ్లు అవి. "పోతే మల్ల రాస్కో, గింతదానికి ఏడుస్తవేంది?" అన్నాడాయన ఆనాడు. ఆ తర్వాత ఏడేళ్లు ఆమె కలం ముట్టలేదు. ఆ ఏడేళ్ల ఊసు ఎవరూ ఎత్తరు. పొట్లాలు కట్టిన ఆ రోజుల్లో పక్కింటి షౌకత్ బీ ఒక్కతే, ఊదా సిరా గుర్తుపట్టి, ధనియాలు డబ్బాలో పోసుకుని ఆ పొట్లం కాగితం తెచ్చిచ్చింది. "నీ రాతే కద బేటీ? దాచుకో," అంది.

ఆమె వంతు వచ్చింది. కొంగుముడి విప్పి, మడతలు పడ్డ ఆ కాగితం తీసి చదివింది. అందులో, అత్తింట్లో పన్నెండేళ్లు పెదవి విప్పని కోడలు అందరి ముందుకూ వచ్చి నిలబడి, మొదటిసారి నోరు తెరిచి...

అక్కడితో కాగితం చిరిగి ఉంది.

"ఏమన్నదమ్మా?" ముందు వరసలోని ఒక అమ్మాయి ఉండబట్టలేక అడిగింది.

"యాదికి లేదు బిడ్డా. ఎంత తండ్లాడినా మల్ల రాలే." మాణిక్యమ్మ కాగితం మడిచింది. మళ్లీ కొంగున ముడేసుకుంది. "కష్టాలు నాతోని రాయించలే. రాసింది గుంజుకున్నయి. మా అత్తమ్మను ఏమనకుండ్రి, ఆమెకు చదువు రాదు. చింపి పొట్లాలు కట్టినాయనకు వచ్చు."