పదహారో ఖోకా

నేను ఒక పిస్తోలును. ముప్పై రెండు బోరు. ఎడమ పక్కన ఆరంకెల నంబరు, పిడికి రెండు వైపులా నల్లటి రేకులు. ఇప్పుడు కరీంనగర్‌లో ఒక ఆయుధాల దుకాణంలో, ఇనప బీరువా మూడో అరలో, మెడకు అట్టముక్క కట్టించుకుని పడుకున్నాను. నన్ను చూసి భయపడకండి. భయాన్ని ఇన్నేళ్ళు మరీ దగ్గరగా చూశాను. ఇప్పుడు దాని వాసన నాకు సరిపడదు.

నేను పుట్టిన కార్ఖానాలో ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు. నా ఉక్కును కోసిన మనిషి కూతురి పరీక్షల గురించి మాట్లాడుతూ కోశాడు. నా గొట్టం లోపల గాడులు తీసినావిడకు ఆ రోజు పన్ను నొప్పి. చివర ఒకాయన నన్ను ఇసక పెట్టెలోకి రెండుసార్లు పేల్చి, చెవుల్లో దూది తీసుకుని, తలాడించి, అన్నం తినడానికి వెళ్ళాడు. చంపడానికి పనికొచ్చే వస్తువును ఇంత ప్రశాంతంగా తయారు చేయవచ్చని అప్పుడే తెలిసింది. ఆ ప్రశాంతత మీద నాకు ఇప్పటికీ అనుమానమే.

అక్కణ్ణుంచి హబీబ్ సాబ్ దుకాణానికి వచ్చాను. ఇరుకు గది. గాజు బల్ల, దాని వెనక బీరువాలు, ఎదురుగా గోడకు ఒక నిలువుటద్దం. బట్టల కొట్టులో అద్దం ఉందంటే అర్థముంది, ఇక్కడెందుకని కొత్తలో అనుకునేవాణ్ణి. హబీబ్ సాబ్ ఒకసారి ఎవరికో చెబుతుంటే విన్నాను.

"మా అబ్బాజాన్ పెట్టిచ్చిండు భాయ్. కొనేటోడు తుపాకిని సూడడు. తుపాకి వట్టుకున్న తన్ను సూసుకుంటడు. అద్దం లేకుంటే బేరం కాదు."

నిజమే. నన్ను చేతిలోకి తీసుకున్న ప్రతి మనిషీ మొదట అద్దం వైపే తిరిగాడు. పొట్ట లోపలికి లాగుతాడు. దవడ బిగిస్తాడు. ఎడమ కనుబొమ్మ కొంచెం పైకి లేస్తుంది. నగల వ్యాపారి, కాలేజీ యజమాని, రిటైరైన ఇంజనీరు, అందరిదీ ఒకే ముఖం. ఎప్పుడో చిన్నప్పుడు ఎవరో చెంప మీద కొడితే తిరిగి కొట్టలేకపోయిన ముఖం అది. ఇన్నాళ్ళకు జవాబిస్తున్నానని అనుకుంటుంది. అద్దంలో దానికి ఎదురుగా ఎవరూ ఉండరు, అది వేరే సంగతి.

నా మొదటి యజమాని కైలాసం అనే విత్తనాల వ్యాపారి. నన్ను భార్య పట్టుచీరల మధ్య దాచాడు. దసరాకు బయటికి తీసి, పీట మీద పెట్టి, పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేవాడు. ఆ కుంకుమ నా కీళ్ళలోకి దిగి జిగటగా తయారయ్యేది. ఏడేళ్ళలో ఒక్కసారి కూడా పేల్చలేదు. ఆయన పోయాక ఆవిడ నన్ను తువ్వాలులో చుట్టి తెచ్చి గాజు బల్ల మీద పెట్టింది.

"ఇది ఇంట్లకు రాకముందు ఆయిన మంచిగ నిద్రవోయేటోడు సాబ్. ఇది అచ్చినంక తలుపు సప్పుడైతె సాలు ఉల్కిపడుడే. నాకద్దు, నువ్వే ఉంచుకో."

నా గురించి ఇంత సూటిగా ఇంకెవరూ మాట్లాడలేదు.

రెండోవాడు ముకుంద్. గ్రానైటు క్వారీలకు భూములు కుదిర్చి పెట్టే మనిషి. టైర్ల కొట్టు పైన అతని ఆఫీసు. అతని అరచెయ్యి ఎప్పుడూ తడిగా ఉంటుంది, గుట్కా వాసనా సెంటు వాసనా కలిసి వేస్తుంది. అంతటి మనిషి మెట్లు దిగాక మళ్ళీ పైకి వెళ్ళి తాళం రెండుసార్లు లాగి చూసుకుంటాడు. అతను ఎవర్నీ బెదిరించడు. ఎదుటివాడు గట్టిగా మాట్లాడగానే మొహం చిట్లించి, "ఇదొకటి, నడుముకు గుచ్చుకుంటది" అంటూ నన్ను తీసి బల్ల మీద, మిర్చి బజ్జీల పళ్ళెం పక్కన పెడతాడు. అంతే. ఎదుటివాడి గొంతు తగ్గిపోతుంది. నా ఒంటి మీద ఎప్పుడూ బజ్జీ నూనె జిడ్డు ఉండేది. మనుషుల న్యాయం మొత్తం ఆ నూనెలో వేగేదేనని నాకు చాలా రోజులు అనిపించింది.

అలా గొంతు తగ్గించుకున్నవాళ్ళలో ఓదెమ్మ ఒకతె. ఎర్రగుట్ట కింద ఎకరం పది గుంటల చెలక ఉంది ఆమెకు, ఇరవై మేకలున్నాయి. క్వారీకి లారీల దారి ఆ చెలకలోంచే పోవాలి. ఆఫీసులో పేరు సరిచేయించి తెస్తానని ముకుంద్ ఆమె పట్టా పాస్‌బుక్ తీసుకున్నాడు, ఒక తెల్ల కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. ఆ కాగితం మీద ఏం రాయాలో అతనికి తెలుసు. నెలాఖరుకు రాస్తాడు. ఆమెకు కూడా తెలిసిపోయింది.

"పటేలా, నా బుక్కు నాకియ్యి. పనైనంక ఇత్తనంటివి. రెండు పండుగలు వోయినయ్."

"ఇత్తమే అవ్వా, ఏడికి ఉర్కుతున్న?" అని నడుం నొక్కుకున్నాడు ముకుంద్. నేను బజ్జీల పక్కకు వచ్చాను. ఆమె నా వైపు చూసింది. పాము ఉన్న పొద వైపు చూసినట్టు చూసి, కొంగు సర్దుకుని మెట్లు దిగింది. మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ అంతే.

ఆ ఏడు వానాకాలంలో తూటాలకు కరువొచ్చింది.

కార్ఖానా నుంచి సరుకు ఆగిపోయింది. ఎందుకో హబీబ్ సాబ్‌కే తెలియదు, కొనేవాళ్ళకు మాత్రం అందరికీ తెలుసు. సరిహద్దుకు పోతున్నాయని ఒకడు, ఎన్నికలని ఒకడు, హైదరాబాదులో పెద్దోళ్ళు గంపగుత్తగా దాచిపెట్టారని ఇంకొకడు. కొత్త పిస్తోళ్ళు కూడా అయిపోయాయి. ముకుంద్ నన్ను నడుముకు పెట్టుకుని ఆ దుకాణానికి వెళ్ళినప్పుడల్లా గాజు బల్ల లోపల ఖాళీ మఖ్మల్ గుడ్డ కనపడేది, దాని మీద పిస్తోళ్ళు పడుకున్న గుంటలు. తలుపుకు 'తూటాలు లేవు' అన్న అట్ట. ఆ అట్టను చదివి కూడా లోపలికొచ్చి అడిగేవాళ్ళు. పదేళ్ళుగా ఒక్క తూటా కాల్చనివాళ్ళు, ఉన్న తూటాలకు బూజు పట్టినవాళ్ళు, రోజూ వచ్చేవాళ్ళు.

"ఒక్క డబ్బ, లోపట వెట్టుంటవ్ సాబ్, మాకు తెల్వదా?"

"ఖసమ్‌సే లేవు భాయ్. నా నోట్లె పండ్లు లెవ్వు, డబ్బల తూటాల్ లెవ్వు."

"మా బావమర్ది సర్కిల్ ఇన్‌స్పెక్టర్ తోని ఫోన్ చేపియ్యాల్నా?"

"చేపియ్యి. ఆయన గూడ పొద్దుగాల్నే అడిగి పోయిండు."

ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. ఎవరి చేతిలో సంచి ఉంటే దాని వైపు కళ్ళు. ఎవడికి శత్రువున్నాడు అక్కడ? అందరికీ పక్కవాడే. వాడికి దొరికి తనకు దొరకకపోవడమే వాళ్ళకున్న అసలు ప్రాణభయం. కరువులో బియ్యం కోసం నిలబడ్డవాళ్ళకు ఆకలి ఉంటుంది. వీళ్ళకు ఆకలి లేదు, అజీర్తి ఉంది. నాకు కడుపు లేదు కాబట్టి సరిపోయింది, ఉంటే వాంతి అయ్యేది.

ఒక ఆదివారం ముకుంద్ డ్రైవరు రాజలింగు పరుగెత్తుకొచ్చాడు. నలభై దాటిన మనిషి, యజమాని కంటే యజమాని కంగారు ఎక్కువ.

"అన్నా, రేపు పార్సిల్ అత్తాందట! మనకు పోటీ తిరిగే శ్రీపతి ఆల్రెడీ లైన్ల ఉన్నడట. ఇప్పుడు వట్టుకోకపోతే యాడాది దాకా దొర్కయట."

ఇక్కడొక చిక్కుంది. ముకుంద్ లైసెన్సు మీద ఇరవై ఐదు తూటాలకు మించి ఉండకూడదు. ఇరవై ఐదూ అతని దగ్గర ఉన్నాయి. పైగా కాల్చిన తూటా తాలూకు ఇత్తడి గొట్టం తెచ్చి అప్పజెపితేనే దాని బదులు కొత్తది. ఆ గొట్టాన్ని హబీబ్ సాబ్ ఖోకా అంటాడు. ఇరవై ఐదు తూటాలున్న మనిషికి కొత్తవి రావు. ఇరవై ఐదు ఖోకాలున్న మనిషికే వస్తాయి.

ముకుంద్ వేలు నా పిడి మీద తాళం వేసినట్టు కొట్టుకుంటోంది.

"ఉన్నయన్ని కాల్చేద్దాం రా" అన్నాడు.

లేనివాటి కోసం ఉన్నవాటిని పారేసుకోవడం మనుషులకు ఎంత తేలికో నేను ఆ రోజు చూశాను.

ఎర్రగుట్ట. పొద్దున పది గంటలు. వానలకు గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంది, సర్కారు తుమ్మ పొదలు. ముకుంద్ ఒక బండకు గురిపెట్టాడు. మొదటి తూటా బండకు కాదు, ఆకాశానికి తగిలింది. ఏడేళ్ళు చీరల్లో, నాలుగేళ్ళు బజ్జీల పక్కన గడిపిన నాకు ఒళ్ళు కాలింది. రాజలింగు ఫోనులో వీడియో తీస్తున్నాడు. ముకుంద్ ముఖం ఎర్రబడింది, నోరు తెరుచుకుంది. ఐదో తూటాకి నవ్వు మొదలైంది, పదో తూటాకి ఎవర్నో పేరు పెట్టి తిట్టాడు. అది తండ్రి పేరని నాకు తర్వాత తెలిసింది. నేను పేలిన ప్రతిసారీ ఖోకా ఎగిరి ఎక్కడో గడ్డిలో పడుతోంది. అది వాళ్ళకు అప్పుడు గుర్తు లేదు.

గుర్తొచ్చేసరికి ఇరవై ఐదూ అయిపోయాయి. ఇద్దరూ మోకాళ్ళ మీద పడి వెతికారు. తుమ్మ ముళ్ళు గుచ్చుకున్నాయి. తొమ్మిది దొరికాయి.

"ఒక్క తూట గూడ మిగల్లేదన్నా" అన్నాడు రాజలింగు గట్టిగా, గుట్ట మీద ఎవరూ లేరన్న ధైర్యంతో.

మరునాడు తొమ్మిది ఖోకాలతోనే దుకాణానికి పరుగెత్తారు. హబీబ్ సాబ్ అందరి ఎదుటా పార్సిల్ విప్పాడు. ఎర్రటి లావు తూటాలు. పన్నెండు బోరువి, పొడుగు తుపాకులకు.

"పిస్తోల్‌వి రాలే ముకుంద్ భాయ్. వచ్చే నెల, అల్లా దయ."

"నా దగ్గర ఒక్కటి లేదు సాబ్!" అన్నాడు ముకుంద్.

హబీబ్ సాబ్ ఖోకాలను వేలితో ఒకపక్కకు జరిపాడు. "ఇరవై అయిదు కాలిస్తివి, తొమ్మిది తెస్తివి. మిగిలిన పదహారు ఎవరి మీద కాల్చిండని పోలీసులు నన్నడుగుతరు. నేనేం జెప్పాలె? దసరా ముంగట లైసెన్సు తనిఖీ ఉంది. ఎట్లనన్న తే."

ఆ సాయంత్రం నన్ను నడుముకు పెట్టుకుని ముకుంద్ చొక్కాను రెండుసార్లు కిందికి లాక్కున్నాడు. ఖాళీగా ఉన్న నన్ను మోయడం అతనికి నిండుగా ఉన్నప్పటికంటే బరువైంది. బల్ల మీద మునుపటిలాగే పెట్టేవాడు. కానీ ఎదుటివాడి కళ్ళు నా మీద నిలిస్తే చాలు, తెలిసిపోయిందేమోనని అతని నుదురు చెమర్చేది. నేను లోపల ఖాళీ అన్నది ఇంక నా రహస్యం కాదు, అతనిది.

రాజలింగు రోజూ గుట్టకు వెళ్ళి గడ్డి కోసి మరీ వెతికాడు. వారం తర్వాత ముగ్గురు మనుషుల పంచాయితీ నడుస్తుండగా ఓదెమ్మ మెట్లెక్కి వచ్చింది.

"మల్ల అచ్చినవా ముసల్దానా?" ముకుంద్ నడుం మీద చెయ్యేశాడు. "ఇదొకటి..."

"నడుముకు గుచ్చుకుంటది, ఎర్కనే" అంది ఓదెమ్మ. "కాళీదయితె గూడ గుచ్చుకుంటదా కొడుకా?"

ఆమె కొంగు ముడి విప్పి ఒక ఇత్తడి గొట్టాన్ని నా పక్కన నిలబెట్టింది.

"నేను అవుతలి బండెన్క మేకల తోనే ఉన్న. ఇరవై అయిదు మోగినయ్. మందను లెక్కవెట్టినట్టు లెక్కవెట్టిన. ఒక్కటి బండకు తాకి మల్లి అచ్చి నా సూడి మేకకు తాకింది. కడుపుల రెండు పిల్లలుండె. ఒక్కదాన్ని కోసి తీసిన, బతికింది."

నా జన్మలో నేను చంపింది ఆ మేకను. అప్పటిదాకా నాకూ తెలియదు.

"ఏం మాట్లాడుతున్నవే? నిండుగుంది ఇది!"

"రాజలింగు జెప్పిండు గదా. ఇత్తడి గొట్టాలు దొరికితె చీరవెడ్త అన్నడు. అయి లేకుంటె పటేల్ లైసెన్సు పోతదని ఏడ్సిండు. దుకాణంల తూటాలు లేవని బస్సుల అందరు అంటాన్రు. నా బుక్కు, ఆ తెల్ల కాయిదం ఇయ్యి. నీ గొట్టాలు నీకిత్త."

రాజలింగు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ముగ్గురిలో ఎవరో ముందు నవ్వారు. దగ్గులా మొదలైంది, తర్వాత ఆగలేదు. ఆ బల్ల మీద నేనుండగా ఎవరైనా నవ్వడం అదే మొదలు. ముకుంద్ నన్ను పట్టుకున్నాడు. ఏం చెయ్యగలడు? అద్దం ఉంటే బాగుండేది.

బీరువా తెరిచాడు. ఆమె పాస్‌బుక్‌లో తన ఫొటో చూసుకుని రవికెలో దోపుకుంది. తెల్ల కాగితం మీది వేలిముద్రను వెలుగుకు పట్టి చూసి, నాలుగు ముక్కలు చేసి, ఆ ముక్కల్ని కూడా ముడేసుకుంది. అప్పుడు గొట్టాలు పోసింది. ముకుంద్ రెండుసార్లు లెక్కపెట్టాడు.

"పదిహేనే ఉన్నయ్. ఇంకొక్కటేదే?"

"మేక మింగిందేమో కొడుకా. అడుగుదామంటె సచ్చిపాయె."

ఆ ఒక్క ఖోకా లోటు తనిఖీలో బయటపడింది. ఎక్కడ కాల్చావు, ఎందుకు కాల్చావు, ఎవరికి తగిలింది అన్నారు. లైసెన్సు ఆపారు. ముకుంద్ నన్ను తెచ్చి హబీబ్ సాబ్ బీరువాలో అమానతుగా, దాచిపెట్టమని అప్పజెప్పి వెళ్ళాడు. వెళ్తూ ఒకసారి అలవాటుగా నడుం తడుముకున్నాడు.

నెల తిరక్కుండానే పిస్తోలు తూటాలు కూడా వచ్చాయి. అదే జనం, అదే తోపులాట. దొరికినవాళ్ళు సంచులు గుండెలకు హత్తుకుని, ఒకరికొకరు చూపించకుండా జారుకున్నారు. వాళ్ళ మొహాల్లో తృప్తి కోసం చూశాను. లేదు. ఇంకొక డబ్బా తీసుకోవాల్సిందన్న బాధ ఉంది.

మొన్న రాజలింగు వచ్చాడు. ఇప్పుడు ఆటో నడుపుతున్నాడట. హబీబ్ సాబ్‌తో చాయ్ తాగుతూ చెప్పాడు. ఓదెమ్మ ఆ పదహారో ఖోకాకు అడుగున బెజ్జం చేసి, లోపల సన్నటి రాయి ఒకటి వేలాడదీసి, బతికిన మేకపిల్ల మెడకు గంటగా కట్టిందట. గుట్ట మీద అది ఎక్కడున్నా తెలుస్తుందట.

"గంట ఎట్ల మోగుతది?" అని అడిగాడు హబీబ్ సాబ్.

"సన్నగ మోగుతది సాబ్. ఎవరు భయపడరు."

నేను ఆ శబ్దాన్ని ఊహించడానికి ప్రయత్నిస్తుండగా ఎవరో లోపలికి వచ్చారు. కొత్త మనిషి, తెల్ల చొక్కా. బీరువా తెరిచి ఉండటం చూశాడు.

"అది అమ్మేదేనా సాబ్?"

"కాదు, అమానతుది."

"ఊకె సూస్త ఇయ్యిండ్రి, ఒక్కసారి."

చెయ్యి తడిగా ఉంది. అద్దం వైపు తిరిగాడు. ఎడమ కనుబొమ్మ పైకి లేచింది.