డేగపై మోపిన నేరము

అది వైశాఖమాసపు ప్రాతఃకాలము. అకాలవర్షధౌతములై ఫలభారనమ్రములైన మామిడికొమ్మలనుండి నీటిబొట్లు మెల్లగా రాలుచుండ నరుణకిరణములు పత్రాంతరములనుండి నేలపైకి జాలువాఱుచుండ కలువపాడు సంస్థానపు తోటలోని పక్షిశాల మాత్రము మూగవోయి యుండెను. పదిదినములలో జమీందారిణి లచ్చాయమ్మగారి పెంపుడు పావురములు నాలుగు మాయమయ్యెను. నేటి యుదయమున నైదవదియు పోయెను. అది వ్రాలు కొయ్యక్రింద బూడిదవన్నెపై నల్లని యడ్డచారలుగల తోకయీక యొకటి పడియుండెను.

పక్షిశాలాధికారియగు సర్వారాయుడు ముప్పదియేండ్లుగా నీకలను జూచి పక్షులను గుర్తించుచు, ముఖములను జూచి దొంగలను సైతము గుర్తింపగలనని నమ్మినవాడు. గడియ వేసిన తలుపును మరల రెండుమాఱులు లాగి చూడనిదే యిల్లు కదలనివాడు. ఆ యీకను గాంచినంతనే యాతని యనుమానము డేగవేటగాడగు తిప్పన్నపై వ్రాలెను. తోట వెలుపలి గుడిసెలో తిప్పన్న మచ్చికచేసిన జాలెడేగ యొకటి కలదు. తోటలో నడుగిడవలదని గతమాసమున తాను వానిని గద్దించియుండుటచే ఆ పగ దీర్చుకొనుటకే డేగను విడిచెనని నిశ్చయించుకొని సర్వారాయుడు లచ్చాయమ్మగారి సన్నిధికేగి "అమ్మగారూ! ఇది డేగయీకయే, సందేహము లేదు" అని విన్నవించెను. ఆమె కినిసి, డేగను జంపి తిప్పన్నను సంస్థానపు టెల్లలు దాటింపుడని యానతిచ్చెను.

భటులు తిప్పన్నను పక్షిశాలకు గొనివచ్చిరి. వాని పిడికిలిపై డేగ కెంపుకన్నులతో నలుదెసలు పరికించుచుండెను.

"సామీ, దీని తోకలో పన్నెండీకలుండాల. ఒక్కటి తగ్గినా దీని మెడ నేనే విరుస్తా. లెక్కపెట్టుకోండి" అని తిప్పన్న పలికెను.

సర్వారాయుడు తోకను విప్పి లెక్కించెను. పన్నెండును ఉండెను. ఐనను ఆతని మనసు కుదుటపడలేదు. విఱిగిన యీకకు వేఱొక యీకను సూదితో నతికించుట వేటగాండ్రకు దెలిసిన విద్యయే కదా యని శంకించి, యొక్కొక్క యీకను మొదలునుండి కొనవఱకు వ్రేళ్ళతో తడవి చూచెను. ఎచ్చటను అతుకు లేదు. అంతట నా దొరకిన యీకను దానిప్రక్క నుంచెను. దాని కొన కెంజాయగా నుండెను. డేగయీకల కొనల నా యెఱుపు లేదు. ఉదయమునను ఆ యెఱుపు తన కంటబడినదే. తిప్పన్న నేరగాడు కావలెనను కోరికచే దానిని తాను లెక్కగొనలేదని యాతనికి స్ఫురించెను.

అంతలో పక్షిశాల కప్పుపైకి వంగిన మామిడికొమ్మపై పిచ్చుకలు కీచుమని చెదరిపోయెను. చారలతోకగల బూడిదవన్నె పక్షి యొకటి వచ్చి వ్రాలెను.

"అదిగో, ఇంకొక డేగ!" యని భటులు కేకవైచిరి.

తిప్పన్న తల యడ్డముగా నూపెను. "ముక్కు చూడండి సామీ. డేగదైతే కొక్కెంలాగా వంగుంటాది. ఇది కోకిల జాతిది. గొంగళిపురుగులు తింటాది. దీన్ని చూసి పిచ్చుకలే మోసపోతాయి, మనమెంత?"

ఆ పక్షి తోక విచ్చెను. కొనలన్నియు కెంజాయగా నుండెను. ఆ కొమ్మనుండి జాఱిన యీకయే కప్పుకమ్ముల సందున లోన బడినదని సర్వారాయునికి విశదమయ్యెను.

అతడు మిన్నకున్నచో నడుగువారు లేరు. ఈకల విషయమున సంస్థానమంతటను ఆతని మాటయే ప్రమాణము. సర్వారాయుడు ఆ యీకను గైకొనిపోయి లచ్చాయమ్మగారి యెదుట నిలిచి "పొరబడితిని తల్లీ! ఇది డేగయీక కాదు. తిప్పన్న నిర్దోషి. దండన నాకు విధింపుడు" అని చేతులు మోడ్చెను. ఆమె "ముందు నా పావురముల జాడ కనుగొనుము" అనెను. పక్షిశాలలోని గింజలపెట్టెను తొలగింపగా గోడక్రింద పునుగుపిల్లి త్రవ్విన కన్నమును, అందు పావురముల తెల్లని యీకలును బయల్పడెను.

సర్వారాయుడు తిప్పన్నను సమీపించి "కన్నమును పూడ్పింతును. ఇకపై నీవు నిస్సంకోచముగా తోటలోనికి రమ్ము" అనెను.

"వస్తాలే సామీ. ఇది మాత్రం మీ చేతికి మళ్ళీ రాదు" అని తిప్పన్న వెడలిపోయెను. వాని పిడికిలిపై డేగ యొడలెల్ల జాడించి, పరుల వ్రేళ్ళు తడవిన పన్నెండీకలను ఒక్కొక్కటిగా ముక్కుతో దువ్వుకొనుచుండెను. శంక యొక క్షణమున చెదఱగొట్టినదానిని చక్కబఱచుటకు దానికి చాలసేపు పట్టెను.