చావుకని తెచ్చిన నీళ్లు

రెమీహియా పొద్దున్నే కళ్లు తెరిచి, ఎదురుగా నిలబడ్డ కూతురిని చూసి, "ఎవరింటి పిల్లవమ్మా నువ్వు?" అని అడిగింది.

ఎర్మినియా చేతిలోని అల్లిక నేల మీద పడింది. ఎప్పుడో తప్పిపోయిన మేకకైనా చెవిగుర్తు చెప్పగల మనిషి తన తల్లి. తమ ఇపువానా వంశంలో ఎవరు ఎవరికేమవుతారో, ఎవరికి ఎవరితో ఎందుకు మాటల్లేవో తేలకపోతే గ్వాహిరా ఎడారి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా అందరూ ఆవిడ దగ్గరికే వచ్చేవాళ్లు. అలాంటి మనిషి ఊయలలో పడుకుని, ఏనాడో పోయిన చెల్లెలితో గొంతు తగ్గించి ముచ్చట్లాడుతోంది.

మధ్యాహ్నానికి మేనమామ నికనోర్ దిగాడు. ట్రక్కులో రెండు నీలం పీపాల నిండా నీళ్లు. ఆ ఏడు వాన మొహం చూసినవాళ్లు లేరు. గాలిమర బావి చెడిపోయి, ఎక్కడో దూరాన్నుంచి గాడిద మీద తెచ్చుకునే నీళ్లనే పిల్లలతో సహా ఇల్లంతా సర్దుకుంటోంది.

"ఇన్ని నీళ్లెందుకు మామా?"

"చుట్టాలకి కబురు పెట్టాను. ఏడవడానికొచ్చినవాళ్ల గొంతు తడపకపోతే మన పరువేం కాను? పోయిన చెల్లి కలలోకొచ్చి అక్కని పిలుస్తోంది. పోయినవాళ్లు పిలిస్తే రానని ఎవరనగలరు?" అంటూ చావువిందుకని నల్లమేకను తెచ్చి గుంజకు కట్టాడు.

పోయినవాళ్ల పిలుపును ఎర్మినియా కూడా నమ్ముతుంది. సొరబుర్రలో కాసిన్ని నీళ్లు తీసుకెళ్లి తల్లి చేతికిచ్చింది. రెమీహియా బుర్రను పెదాలకు ఆనించింది. గొంతు కదల్లేదు. చేయి మెల్లగా ఊయల వెనక్కి వెళ్లి, అక్కడున్న కుండలో ఆ నీళ్లు చుక్క జారకుండా వంపేసింది. "పిల్లలకుండనీ," అని గొణిగింది.

మతి పోయింది కాని, చేతికి అలవాటు పోలేదు. ఎన్నాళ్ల అలవాటో.

ఎర్మినియా వంగి చూసింది. తల్లి నాలుక ఎండిన తోలుముక్కలా ఉంది. ముంజేతి మీద చర్మం పట్టి వదిలితే, పట్టినచోటే మడతలా నిలిచిపోయింది. లేచి నేరుగా పీపా దగ్గరికి వెళ్లి మూత తీసింది.

"ఏయ్, అవి చావుకి తెచ్చిన నీళ్లు," అన్నాడు నికనోర్.

"బతికుండగా తాగితే ఏం తప్పు మామా?"

చిటికెడు ఉప్పు, బెల్లం కలిపి చెంచాతో పట్టబోతే రెమీహియా నోరు బిగబట్టింది. బతిమాలినా తెరవలేదు. చివరికి ఎర్మినియా, "పిల్లలందరూ కడుపు నిండా తాగేశారమ్మా. ఇవి మిగిలిపోయాయి, పారబోయమంటావా?" అంది.

ఆ మాటకు నోరు తెరుచుకుంది.

చెంచా తర్వాత చెంచా. గుటక పడిందని చూసుకుని మరో చెంచా. ఎండ చల్లబడే వేళకు పెదాలు మెత్తబడ్డాయి. కళ్లలో తడి మెరిసింది. ముసలావిడ తనను ఒంటికి నాగజెముడు కంచె వెనక్కి తీసుకెళ్లమంది. అక్కడ ఇసక మీద ముదురు రంగు మరక పడితే, పండగొచ్చినట్టు సంబరపడింది ఎర్మినియా. పొద్దు గుంకుతుండగా తల్లి ఆమె మొహంలోకి తేరిపార చూసి, "ఎర్మినియా, జుట్టు దువ్వుకోలేదేం?" అంది.

మర్నాటికి రెమీహియా లేచి కూర్చుంది. ట్రక్కునీ, గుంజకున్న మేకనీ చూసి తమ్ముడివైపు తిరిగింది.

"నా చావుకేనా ఇదంతా? నా కూతురు పుట్టినప్పుడు వారానికి గాని రాలేదు కదరా నువ్వు."

నికనోర్ టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. "దారి బాగాలేదప్పుడు అక్కా."

నల్లబట్టల్లో చుట్టాలు దిగారు. రెమీహియా ఒక్కొక్కరినీ తల్లిపేరుతో సహా పలకరించింది. ఏడవడానికి సిద్ధపడి వచ్చిన ఆడవాళ్లు నోళ్లు తెరిచి నిలబడిపోయారు. ఎర్మినియా పీపా వైపు చూసింది. ఇన్ని పేర్లు, ఇన్ని కక్షలు, ఇన్ని పాటలు, తనను కన్న జ్ఞాపకం, అన్నీ ఆ కాసిన్ని నీళ్ల మీద ఆధారపడి ఉన్నాయా? నిన్న ఇవన్నీ ఎక్కడికి వెళ్లాయి? ఏ దారిన తిరిగొచ్చాయి?

బుర్ర నింపి తల్లికిచ్చింది. రెమీహియా పిల్లల వైపోసారి చూసింది.

"ముందు నువ్వు," అంది ఎర్మినియా.

ముసలావిడ తల ఎత్తి తాగింది. ముడతలుపడ్డ ఆ గొంతు మీద ఒక్కో గుటకా పైకి లేచి కిందికి జారుతుంటే, వచ్చినవాళ్లందరూ చుట్టూ చేరి చూస్తూ ఉండిపోయారు.