గౌరి బిడ్డకు బెల్లం

పురానాపూల్ దగ్గర బర్రెల పాడి నడిపే రుక్మాబాయి ఎవరినీ ఒక పట్టాన నమ్మదు. పాలలో నీళ్లు కలిపేవాళ్ల మధ్యే పుట్టి పెరిగింది మరి. అందుకే తమార్ అనే విదేశీ అమ్మాయి గుమ్మంలోకి రాగానే ఓసారి ఎగాదిగా చూసింది.

హిట్లర్ కాలంలో జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన యూదు డాక్టర్ ఒకాయన ఈ ఇంటి మేడగదిలోనే బతికాడు, ఇక్కడే పోయాడు. నాజీల క్యాంపు నుంచి తల్లి రాసిన కార్డులను రేకు డబ్బాలో దాచి, తనవాళ్లు వస్తే ఇమ్మని రుక్మాబాయి అత్తకు అప్పగించాడు. అత్త పోతూ పోతూ కోడలికి అప్పగించింది. పాత స్టాంపుల వ్యాపారులు కొందరు చుట్టాలమంటూ వచ్చి బుకాయించారు కూడా. డబ్బా తప్పుడు చేతిలో పడిందా, అత్తకిచ్చిన మాట గంగలో కలిసినట్టే.

డాక్టర్ చెల్లెలికి మనవరాలినని తమార్ చెప్పుకుంది. ఆమె ఇంగ్లిష్‌ను రుక్మాబాయి తమ్ముడు మురళి తెలుగు చేస్తున్నాడు. కాగితాలు చూపింది. కాగితాలదేముంది, ఎవరైనా పుట్టించుకోవచ్చు. అంతలో ఆ పిల్ల, డాక్టర్ భార్య గౌరి సంతానాన్ని చూడాలంది. కొడుక్కి బిడ్డ పుట్టిందని డాక్టర్ తల్లి క్యాంపు నుంచి లండన్‌లోని కూతురికి రాసిందట.

రుక్మాబాయికి ఒళ్లు మండింది. ఇది డబ్బాకే కాదు, లేని వారసుల పేరుతో ఇంటికే ఎసరు.

"గౌరంటే మా బర్రె. డాక్టర్‌సాబ్‌కు పెండ్లాం లేదు, పిల్లలు లేరు. గిట్ల చెప్పుమని ఎవలు పంపిన్రో అడుగు," అంది తమ్ముడితో.

తమార్ తెల్లబోయింది. డబ్బా మీ దగ్గరే ఉంచుకుని ఒక్క కార్డు చదవనివ్వండని బతిమాలింది. రుక్మాబాయి అన్నింటికన్నా అడుగున ఉన్న కార్డు తీసి, అంచు వదలకుండా పట్టుకునే చూపించింది. తమార్ ఇంగ్లిష్‌లోకి మార్చి చదువుతుంటే మురళి తెలుగులో చెప్పాడు.

"నేను మంచిగున్న. గౌరికి బిడ్డ పుట్టిందని రాసినవు, మస్తు దినాలకు నవ్విన. శుక్రవారం దీపాలు పెట్టినంక నా పేరు మీద పాపకు తీపి పెట్టు."

రుక్మాబాయి వేళ్లు సడలాయి. ప్రతి శుక్రవారం సాయంత్రం తమ యూదుల ఆచారంగా దీపాలు పెట్టాక డాక్టర్ మేడ దిగి వచ్చి గౌరి దూడకు బెల్లం తినిపించేవాడని అత్త చెప్పేది. తాను పోయాక కూడా ఆపొద్దన్నాడట. ఎందుకో ఎవరికీ తెలియదు. ఆ దూడ పోతే దాని దూడకు, ఇప్పటికీ రుక్మాబాయి పెడుతూనే ఉంది. గడప దాటని ఈ సంగతి ఏ మోసగాడూ పుట్టించలేడు.

బర్రె ఈనితే గౌరికి బిడ్డ పుట్టిందని ఇంట్లోవాళ్లు చెప్పుకున్నట్టే ఆయనా తల్లికి రాశాడు. తల్లి కోడలనుకుంది. కాదని చెప్పడానికి ఆ కొడుక్కి మనసొప్పలేదు. రుక్మాబాయికి ఏడుపు ఆగలేదు.

డబ్బా తమార్ ఒడిలో పెట్టి, లోపలి నుంచి బెల్లం ముక్క తెచ్చి ఆమె చేతికిచ్చింది.

"దొడ్లెకు రా బిడ్డా. ఇయ్యాల శుక్రవారం గాకపోయినా ఏం గాదు."