తొక్కుడు అక్షరాలు

అక్షరాలను నేలమీద పరిచి పిల్లల చేత తొక్కించే చాప ఒకటి మా ఇంటికి వచ్చిన రోజున నేను అడిగినది ఒకే ప్రశ్న. దీనిని గోడకు వేలాడదీయడానికి అభ్యంతరమేమిటి? అడిగినది నా కోడలు హిమజను; జవాబు చాప అమ్మిన కుర్రవాడు చెప్పాడు. గోడకు పెడితే లోపలి తీగలు సాగి వారంటీ పోతుందట.

సరస్వతికి వారంటీ ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు.

అది మందపాటి ప్లాస్టిక్ చాప. గడికొక అక్షరం. గడిమీద బరువు పడగానే ఆ అక్షరాన్ని పలికి, దానితో మొదలయ్యే మాట ఒకటి చెబుతుంది. ఆ గొంతు ఏ ఊరి స్త్రీదో గాని తెలుగు నేలమీద పెరిగినది కాదు. ఠకూ టకూ తేడా చూపడం ఆమెకు అనవసరమనిపించింది. పిల్లలు తప్పు గడి తొక్కితే "ట్రై అగైన్" అంటుంది. ఆ రెండు మాటలను మాత్రం నిర్దుష్టంగా పలుకుతుంది.

నరసరావుపేటలో, పూర్వం పత్తి గోదాముగా ఉన్న మా పొడుగాటి హాలులో హిమజ చిన్నపిల్లల బడి నడుపుతున్నది. ఆ హాలుకు ఒకే ద్వారం. మొదట తెలుగు అక్షరాలు నేర్పి, తరువాత ఇంగ్లీషు నేర్పే బడి ఆ వీధిలో అదొక్కటే. ఎదురుగా ఏసీ గదులతో మరొక బడి జూన్‌లో తెరవబోతున్నారు. అక్కడ మూడో తరగతి వరకు తెలుగు అక్షరం కనిపించదు. వేసవి సెలవులకు ముందు జరిపే ప్రదర్శన చూసి కొత్త తల్లిదండ్రులు సంతకాలు చేయకపోతే హిమజ బడి మూసివేయక తప్పదు. బడి నిలవాలన్న విషయంలో నేనూ నా కోడలూ ఒకే పక్షం. చాప విషయంలో కాదు.

"అత్తయ్యా, చాప గురించి పిల్లలకి మీరేం చెప్పొద్దు. దణ్ణం పెట్టి అడుగుతున్నా" అన్నది హిమజ.

మాట ఇచ్చాను. తప్పలేదు కూడా. నా అంతట నేను ఏమీ చెప్పలేదు. జెబా అడిగింది.

జెబా నాలుగేళ్ళ పిల్ల. తండ్రి కరీముల్లాకు వీధి చివర మోటార్లు చుట్టే దుకాణం ఉంది. ఒక మధ్యాహ్నం ఆ పిల్ల చాప అంచున నిలబడి, "నానమ్మా, నిన్న పుస్తకానికి కాలు తగిలితే మా అమ్మ తిట్టింది. ఇయ్యాల టీచరేమో తొక్కమంటంది. ఏది కరెక్టు?" అన్నది.

కళాశాలలో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసిన నన్ను అంత సూటి ప్రశ్న ఏ విద్యార్థీ అడగలేదు. చెప్పకూడదన్నారు గాని, అడిగినదానికి జవాబివ్వకూడదని ఎవరూ అనలేదు.

"తొక్కక తప్పకపోతే తొక్కు. ఎవరిని తొక్కావో వారిని పేరుపెట్టి పిలిచి, తప్పయిందని చెప్పి, తాకి కళ్ళకద్దుకో" అన్నాను.

"పెద్దోళ్ళని పేరెట్టి పిలవచ్చా?"

"గారు చేర్చు."

మర్నాటికి ఆ నియమం బడి అంతా పాకింది. హిమజ గమనించి మాన్పించింది. ప్రదర్శన రోజున ఎవరు వంగినా చాక్లెట్ ఉండదని ప్రకటించింది. పిల్లలందరూ తలలూపారు. తల ఊపడాన్ని ఒప్పందమని నమ్మే ఉపాధ్యాయులు ఇంకా ఉన్నారు.

ప్రదర్శననాడు నేను అందరికంటే ముందు వెళ్ళి హాలు లోపలి చివర కుర్చీలో కూర్చున్నాను. అంతకుముందు అచ్చుల ముక్క ఒకనాడు, హల్లుల ముక్క ఒకనాడు పరిచేవారు. గోడవారగా మూరెడు దారి మిగిలేది. ఆ ఉదయం రెండు ముక్కలనూ జతచేసి, ఈ గోడ నుంచి ఆ గోడకు పరిచి, అంచులను టేపుతో అంటించారు. అడ్మిషన్ల బల్ల, టీ ఫ్లాస్కు, టీచరు ప్రిస్కిల్లా నా వైపున ఉన్నారు. తల్లిదండ్రులు గుమ్మం వైపున ఉన్నారు. వారు కూడా చాపమీదుగా నడిచి వచ్చి సంతకం పెడితే "ఇంటరాక్టివ్"గా ఉంటుందని ఆ అమ్మిన కుర్రవాడే సలహా ఇచ్చాడట.

వచ్చినవారిలో ముఖ్యుడు చెన్నకేశవరావు. కారంపూడిలో మిరపకాయల వ్యాపారి. పేటలో ఇల్లు కట్టుకుని, మనవరాలు చందనకు బడి వెతుకుతున్నాడు. ఆయన ఏ బడి ఎంచుకుంటే కారంపూడి నుంచి వచ్చిన తక్కిన కుటుంబాలు దానినే ఎంచుకుంటాయి. ఆ సంగతి తెలిసి ఎదురు బడివారు ముందురోజే ఆయన ఇంటికి స్వీటు పెట్టె పంపారు. ఆయన పక్కన గోపీనాథ్ అనే యువకుడు నిలబడ్డాడు. విజయపురి సౌత్‌లో ఇరిగేషన్ ఇంజినీరు. కొడుకును చేర్చడానికి వచ్చి, ఫోనులో వీడియో తీస్తున్నాడు.

హిమజ మైకు అందుకుని, "జెబా! క!" అన్నది.

జెబా గెంతింది. "క, కలం" అన్నది చాప. జెబా చటుక్కున వంగి, గడిని తాకి, "క గారూ, తప్పయింది" అని కళ్ళకద్దుకున్నది. వేళ్ళ బరువుకు చాప మళ్ళీ "క, కలం" అన్నది. మళ్ళీ కదిలించినందుకు జెబా మళ్ళీ వంగింది. చాప మళ్ళీ పలికింది. ఇది ఎంతవరకు సాగేదో చెప్పలేను. ఈలోగా వెనుక పిల్లవాడు గెంతి ఆమె వీపుమీద పడ్డాడు, వాడిమీద ఇంకొకడు పడ్డాడు.

"ఒరేయ్, లెగరా! నువ్వు ష గారి మీద కూర్చున్నావు!"

"నేను కాదు, వాడే తోశాడు! ష గారూ, వీడిదే తప్పు!"

"ట్రై అగైన్. ట్రై అగైన్. ట్రై అగైన్" అన్నది చాప.

హిమజ నా వైపు చూసింది. నేను టీ ఫ్లాస్కు వైపు చూశాను.

"మ్యాట్ హ్యాంగయినట్టుంది మేడం" అన్నాడు గోపీనాథ్. చెన్నకేశవరావు వంగి చెప్పులు విడిచాడు. హిమజ గొంతు సవరించుకుని, "అందరూ దయచేసి అటువైపు రండి. టీ, అడ్మిషన్ ఫారాలు అక్కడే" అన్నది.

ఎవరూ కదలలేదు.

"యాడ అడుగెయ్యాలమ్మా?" అన్నాడు చెన్నకేశవరావు, విడిచిన చెప్పులు చేత పట్టుకుని.

"చాప మీదే సార్. పర్లేదు, ప్లాస్టిక్కే."

"ప్లాస్టిక్కేలే. రాసింది అక్షరం గందా! ఎరక్క తొక్కితే అది వేరు. ఎరిగి తొక్కమంటావేంది?"

"మా నాయన రోడ్డు మీద రాతున్న కాయితం ముక్క కనపడితే తీసి గోడ సందులో పెట్టేవోడు బాబాయ్" అన్నాడు కరీముల్లా. "నేను దీని మీద నడిచానని తెలిస్తే ఇంట్లో అన్నం కూడా పెట్టరు."

"మా అమ్మ బైబిలు మీద కళ్ళజోడు కూడా పెట్టనియ్యదు" అన్నది ప్రిస్కిల్లా నా పక్కనుంచి. "టేపెయ్యకముందే ఇటొచ్చా కాబట్టి బతికిపోయా."

గోపీనాథ్ వంగి పరిశీలించాడు. "మూలల్లో కంపెనీ పేరుంది సార్. అది ఇంగ్లీషే. వాటి మీదినుంచి గెంతితే?"

"ఏం, ఇంగ్లీషుకి సరస్వతి లేదా?" అని చెన్నకేశవరావు నా వైపు తిరిగాడు. "పంతులమ్మగారూ, మీరు చెప్పండి. ఇంగ్లీషు తొక్కచ్చా?"

"ఏ భాషదైనా అక్షరం అక్షరమే" అన్నాను. అది నిజం. నిజం చెప్పిన తరువాత హిమజ ముఖం చూశాను. ముందు చూసి ఉండవలసింది.

వెనుక వరుసలో ఒకావిడ ఎదురు బడి ఆఫీసు ఆదివారం తెరుస్తారా అని అడుగుతున్నది. గుమ్మం దగ్గర ఎవరో అప్పటికే చెప్పులు తొడుగుతున్నారు.

"తాతా!" అన్నది జెబా, చాప మధ్యనుంచి. "తప్పయిందని చెప్తే తొక్కచ్చు. నానమ్మే చెప్పింది."

హాలంతా నా వైపు తిరిగింది. "నిజమేనా పంతులమ్మగారూ?" అన్నాడు చెన్నకేశవరావు. హిమజ శబ్దం రాకుండా "అత్తయ్యా" అన్నది. పదిమందిలో నా కోడలు నన్ను బతిమాలడం అదే మొదలు.

"వేరే దారి లేనప్పుడు చెల్లుతుంది" అన్నాను. "అయితే, ఎవరిని తొక్కారో వారి పేరు తెలిసి ఉండాలి. పేరు తెలియని అక్షరాన్ని తొక్కే హక్కు ఎవరికీ లేదు."

ఆ షరతు అనవసరమని హిమజ ఇప్పటికీ అంటుంది. అవసరమే.

చెన్నకేశవరావు పంచె ఎగ్గట్టి బయలుదేరాడు. "అ గారూ, తప్పయింది. ఉ గారూ, తప్పయింది." ఆ భారీ మనిషి ప్రతి గడికీ వంగి లేస్తుంటే నేల దద్దరిల్లింది. "ఖ గారూ, మీతో మాకెప్పుడూ పెద్దగా పని పడలేదు గానీ, తప్పయింది." అలా ఒగరుస్తూ బల్ల చేరాడు.

తరువాత గోపీనాథ్. వేగంగా సగం దూరం వచ్చి, ఒక గడిమీద కాలు మోపి ఆగిపోయాడు.

"ఇది... ర. ర గారూ, తప్పయింది."

"ర, రథం" అన్నది చాప.

"కాదూ!" అని పిల్లలంతా అరిచారు.

"మ్యాటే ర అంటోంది కదమ్మా!"

"దానికి రాదు" అన్నది జెబా. "ఈయన బండి ఱ గారు. నువ్వు ఈయన్ని తొక్కి ర గారికి చెప్తే ఈయనకి కోపం రాదా? ఆ కాలు దించొద్దు అంకుల్! దించితే ఇంకోరు!"

ఆనకట్ట గేట్లు చూసుకునే ఇంజినీరు ఒంటికాలిమీద ఊగుతూ నిలబడ్డాడు. అప్పుడు గుమ్మం దగ్గరనుంచి ఒక కొత్త గొంతు వినిపించింది. "బండి ఱ గారూ తప్పయింది అను అంకుల్! పడిపోతావు!"

ఆ గొంతు చందనది. ఇంకా బడిలో చేరని పిల్ల. చాపకు ఆవల నిలబడి, ఆ గడినే వేలితో చూపిస్తున్నది.

చెన్నకేశవరావు బల్లను రెండు చేతులా పట్టుకున్నాడు. "అది మా చందనేనా? ఏడాదిగా ఇంట్లో అ దిద్దిస్తుంటే పలక పగలగొట్టింది గందా!" ప్రిస్కిల్లా వైపు తిరిగాడు. "పెన్నేదమ్మా? ఎదురు బళ్ళో తొక్కుదామన్నా మూడో తరగతి దాకా అక్షరం దొరకదంట. ఆ స్వీటు పెట్టె రేపు తిరిగి పంపిస్తా. సగం తిన్నాంలే."

చెప్పులు తొడిగినవారు మళ్ళీ విడిచారు. కారంపూడి కుటుంబాలన్నీ వరసకట్టి, వంగుతూ లేస్తూ, తప్పులు ఒప్పుకుంటూ బల్ల దగ్గరకు వచ్చాయి. ఫారాలు చాలక జిరాక్సుకు వెళ్ళవలసి వచ్చిన ప్రిస్కిల్లా, పోతూ ఒక వరస అక్షరాలకూ, వస్తూ ఇంకొక వరసకూ క్షమాపణ చెప్పుకున్నది.

అందరూ వెళ్ళిన తరువాత, దుకాణం కట్టేసి వస్తానని వెళ్ళిన తండ్రి కోసం ఎదురుచూస్తున్న జెబా, హిమజ, నేను మిగిలాము. హిమజ గుమ్మంలో నిలబడి, "అత్తయ్యా, భోజనానికి రండి" అన్నది. ఆ గొంతులో చాలా రోజుల తరువాత ఉల్లాసం వినిపించింది.

"టేపు తీయించు."

"దాన్ని రేపు తీస్తారు. మీకు పేర్లన్నీ వచ్చుగా!"

నేను లేచాను. మోకాళ్ళు సహకరించలేదు గాని, మర్యాద మోకాళ్ళను అడిగి పాటించేది కాదు. ఒక్కొక్క గడిమీద అడుగు వేసి, వంగి, పేరు పెట్టి, తప్పయిందని చెప్పి, కళ్ళకద్దుకుంటూ వచ్చాను. ఆ పరాయి గొంతు నా ప్రతి అడుగుకూ పాఠం చెప్పింది. చివరి వరసలో జెబా చేతులు అడ్డం పెట్టి నన్ను ఆపింది.

"హ గారికి గారు అనలేదు నానమ్మా."

అనలేదు. వెనక్కి వెళ్ళి, అన్నాను.